పేరు, గోత్రము, ఇంటిపేరు

దీపావళినాడు చోప్డా పూజ జరుగునపుడు క్రొత్త లెక్కల పుస్తకము మొదటి పుటమీద శ్రీకారములను గోపురాకారముగా వ్రాసి, వాని క్రింద గౌతమస్వామి లబ్ధియు, శాలిభద్రుని సంపదయు, కయవన్నా సేఠు సౌభాగ్యమును, అభయకుమారుని బుద్ధియు, బాహుబలి బలమును తమకు కలుగవలెనని వ్రాసికొనుట శ్వేతాంబర వర్తక కుటుంబములలో తరతరముల ఆచారము. ఆ అయిదు పేర్లును తప్పు లేకుండ వ్రాయగల యజమానిని ఆపి "మీ ముత్తాతగారి పేరేమి? మీ ఇంటిపేరునకు అర్థమేమి?" అని అడిగినచో చాలమంది తడబడుదురు. ఇది నిందింపదగిన విషయము కాదు. మార్వాడ దేశమునుండియో, గుజరాతునుండియో పెద్దలు బయలుదేరి వచ్చి తెలుగు బజారులలో దుకాణములు తెరచి మూడు నాలుగు తరములైనది. లెక్కల పుస్తకములు భద్రపరచినంత శ్రద్ధతో పేర్ల లెక్కను ఎవరును భద్రపరచలేదు.

గుజరాతు, మహారాష్ట్ర ప్రాంతముల పద్ధతిలో పేరునకు మూడు భాగములు. మొదటిది తన పేరు, రెండవది తండ్రి పేరు, మూడవది ఇంటిపేరు. ఈ మూడవదానినే గుజరాతీలు అటక అందురు. "మీ అటక ఏమి?" అని క్రొత్తగా వచ్చిన చుట్టము అడిగినపుడు తెలుగు పిల్లలు నవ్వుకొని మిద్దె క్రింది అటక వంక చూచుట సహజమే. రాజస్థానపు ఓస్వాలులలో ఇదే గోత్రమనబడును. బ్రాహ్మణ గోత్రములవలె ఇది ఋషిని తెలుపునది కాదు; ఊరినో, వృత్తినో, మూలపురుషునో తెలుపునది.

విశాఖపట్టణములోని ఓడల కర్మాగారము తెలుగువారందరు ఎరిగినదే. దానికి 1941లో రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. ఆ కర్మాగారమును తలపెట్టి నిలబెట్టిన జైన వర్తకుడు షోలాపురమున 1882లో జన్మించిన వాల్‌చంద్ హీరాచంద్. వాల్‌చంద్ ఆయన పేరు, హీరాచంద్ తండ్రి పేరు. మరి ఇంటిపేరు? దోశీ. లోకము మొదటి రెండింటిని మాత్రమే గ్రహించి మూడవదానిని వదలిపెట్టినది. దోశీ అనగా వస్త్రవ్యాపారి. సంస్కృతమున దూష్యము అనగా బట్ట, దానిని అమ్మువాడు దౌష్యికుడు, ప్రాకృతమున దోసియ, నేడు దోశీ. ఆ ఇంటిపేరు తెలిసినపుడు బట్టల మూటతో ఆరంభమైన ఒక వంశము సముద్రముమీద ఓడలు నడుపువరకు వచ్చిన దారి కంటికి కట్టును. తెలియనపుడు ఆ దారి కనబడదు.

ఇక ఊళ్ల పేర్లనుండి పుట్టినవి చూడవలెను. పెద్ద జ్ఞాతుల పేర్లలో అధికభాగము ఇట్టివే. జోధ్‌పురమునకు ఉత్తరముగా నున్న ఓసియా అను ఊరినిబట్టి ఓస్వాలులు; ప్రాచీనకాలమున దానికి ఉపకేశపురమని పేరు. రత్నప్రభసూరి అను ఆచార్యుడు అక్కడివారిని జైనులను చేసెనని సంప్రదాయము చెప్పును. అక్కడి మహావీరాలయము ఎనిమిదవ శతాబ్దిలో ప్రతీహార రాజైన వత్సరాజు కాలమునాటిది. నేటికిని నిలిచి యున్నది. శ్రీమాలము, అనగా నేటి భీన్‌మాల్, శ్రీమాలీలకు మూలము. ఖండేలానుండి ఖండేల్వాలులు, పాలీనుండి పల్లీవాలులు, బఘేరానుండి బఘేర్వాలులు, అగ్రోహానుండి అగర్వాలులు. అగర్వాలులలో వైష్ణవులును ఉన్నారు, జైనులును ఉన్నారు. దిగంబర ఖండేల్వాలులలో 84 గోత్రములు కలవని లెక్క. వానిలో కాస్లీవాల్ కాస్లీ గ్రామమునుబట్టి వచ్చినది. నాగోరీ అనగా నాగౌర్ వారు, పోకర్ణా అనగా పోకరణ్ వారు. వాల్ అన్నపుడు ఆ ఊరివాడని అర్థము. నిడదవోలువారు, తాడేపల్లివారు, పిఠాపురమువారు అని తెలుగువారు చెప్పుకొనునది ఇదే పద్ధతి కదా! విడిచివచ్చిన ఊరినే మనుష్యుడు పేరుగా మోయును. ఆ ఊరిలోనే ఉన్నవానికి ఆ పేరుతో పని లేదు.

ఒక గోత్రము ఎట్లు పుట్టినదో వ్రాతమూలముగా చెప్పినవారు అరుదు. అట్టివారిలో బనారసీదాసు ముఖ్యుడు. ఈయన జౌన్‌పురమున 1586లో, ఖరగ్‌సేన్ అను రత్నవర్తకునికి జన్మించెను. 1641లో తన ఏబదియైదవ ఏట 675 పద్యములలో స్వీయచరిత్ర వ్రాసి దానికి అర్ధకథానకము అని పేరు పెట్టెను. మనుష్యునకు నిండు ఆయుస్సు 110 ఏండ్లు గనుక తనది సగము కథ అని ఆయన లెక్క. వర్తకుని లెక్క యన్న అట్లే యుండును. అందులో తన వంశమును గూర్చి ఆయన చెప్పినది ఇది: రోహతక్ దగ్గర బిహోలీ అను గ్రామము, అక్కడి రాజపుత్రులు గురువుమాట విని పాపకర్మలు మాని, నమస్కారమంత్రమును మాలగా ధరించి జైనులైరి, వారికి శ్రీమాల కులమును, ఊరినిబట్టి బిహోలియా గోత్రమును కలిగినవి. కత్తి పట్టిన ఇంటివారు తక్కెడ పట్టిన కథ అంతయు బిహోలియా అను ఒక్క మాటలో ఇమిడి యున్నది.

వృత్తినిబట్టి వచ్చిన ఇంటిపేర్లే వర్తక కుటుంబములకు మిక్కిలి ఆప్తములు. తెలుగు బజారులో మార్వాడీ వర్తకుని సేటుగారు అందురు, ప్రక్క దుకాణమువానిని శెట్టిగారు అందురు. వీరిద్దరు తమ పిలుపులు వేరు వేరనుకొందురు. రెండును శ్రేష్ఠి అను ఒక్క మాటే అని పండితులమతము. ఉత్తరపు దారిన వచ్చినది సేఠ్ అయినది, దక్షిణపు దారిన వచ్చినది సెట్టి యైనది. చివరకు ఒకే వీధిలో ఎదురెదురుగా కూర్చున్నవి. షా అను పేరును గూర్చియు ఇట్టి పొరపాటే కలదు. పారసీక భాషలో షా అనగా రాజు గనుక ఆ బిరుదు ఏ సుల్తానో ఇచ్చియుండునని కొందరు గొప్పగా చెప్పుకొందురు. గుజరాతీ వర్తకుల షాకు ఆ మూలము వెదకనక్కరలేదు. సాధువు అనగా మంచివాడు, నమ్మదగినవాడు. అది సాహు యైనది, సాహ్ యైనది, షా యైనది. తెలుగులో షావుకారు అనునది కూడ ఈ కుదురునుండియే వచ్చినది. ఇచ్చిన మాట తప్పనివాడని పిలిపించుకొనుట సుల్తాను బిరుదుకంటె తక్కువేమి కాదు.

పారేఖ్ అనగా పరీక్షకుడు, నాణెములను పరీక్షించి మంచి చెడ్డలు చెప్పువాడు. నానావటీ అనగా నాణెములు మార్చువాడు. గుజరాతీలోని నాణుం, తెలుగులోని నాణెము రెండును నాణకమునుండి వచ్చినవే. ఝవేరీ రత్నవర్తకుడు, ఇది అరబ్బీ పారసీకముల మీదుగా వచ్చిన మాట. కాపడియా బట్టల వర్తకుడు. కొఠారీ అనగా కోష్ఠాగారమును, అనగా ధాన్యపు గిడ్డంగిని చూచు అధికారి. భండారీ భాండాగారికుడు, రాజుగారి ఖజానా తాళములు చేతనున్నవాడు. మెహతా లేక ముహతా మహత్తరుడు అను మాటనుండి వచ్చి లెక్కలు వ్రాయు అధికారికి పేరైనది. బైద్ అనగా వైద్యుడు.

గాంధీ అను పేరు విన్నంతనే ఒక్క మహాత్ముడే జ్ఞాపకమునకు వచ్చుట న్యాయమే. గాంధికుడు అనగా సుగంధద్రవ్యములు అమ్మువాడు, తరువాత పచారి సరుకులు అమ్మువాడు. 1893లో చికాగో సర్వమత మహాసభలో జైనధర్మమును గూర్చి ప్రసంగించిన వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీ జైనుడు; మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ వైష్ణవుడు. కనుక ఇంటిపేరునుబట్టి మతము నిర్ణయించుట సాధ్యము కాదు. మహాత్ముని జ్ఞాతి మోఢ్ వణిక్కులు, మోఢేరా అను ఊరినిబట్టి పేరు పొందినవారు. పండ్రెండవ శతాబ్దమున గుజరాతునకు వెలుగైన హేమచంద్రాచార్యుడును పుట్టుకచే మోఢ్ వణిక్కే. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు చంగదేవుడు, దీక్షలో వచ్చినది సోమచంద్రుడు, ఆచార్యపదవిలో వచ్చినది హేమచంద్రుడు. సాధువులకు దీక్షతో ఇంటిపేరు తొలగిపోవును. ఆ విడుపు వారికి తగును.

ఈ వరుసలో సంఘవీ అను పేరు ప్రత్యేకముగా నిలుచును. దీని మూలము సంఘపతి. తన ఖర్చుతో చతుర్విధ సంఘమును శత్రుంజయమునకో, గిరినారమునకో నడిపించి, దారిపొడవున అన్నపానములు, బండ్లు, కావలి ఏర్పాటుచేసి క్షేమముగా తిరిగి తెచ్చినవానికి సంఘము ఇచ్చిన గౌరవనామమది. సింఘీ, సింఘవీ అనునవి దాని రూపాంతరములే. తక్కిన పేర్లన్నియు సంపాదించిన విధమును చెప్పుచుండగా ఇది ఒక్కటియే ఖర్చుపెట్టిన విధమును చెప్పుచున్నది.

మూలపురుషుని పేరునుండి వచ్చినవి ఇంకొక తెగ. మార్వాడీలో పేరు చివర ఓత్, ఆవత్ అని వచ్చినచో ఫలానావాని సంతతియని అర్థము. పుత్రశబ్దమే అట్లు మారినది. జోధ్‌పురమునకు దివానుగా నుండి ఖ్యాత్ అను చరిత్ర గ్రంథము వ్రాసిన నైణసీ ముహ్‌ణోత్ ఓస్వాలు. ఆయన ఇంటివారు మోహనుడను రాఠోడుని సంతతియని చెప్పుకొందురు. ఇట్టి మార్పు ప్రాచీనకాలమున మాత్రమే జరిగినదని అనుకొనరాదు. శ్రీహరికోట ప్రయోగములు చూచు ప్రతి బాలుడును విక్రమ్ సారాభాయి పేరు విని యుండును. ఆయన అహమ్మదాబాదు జైన కుటుంబమున 1919లో జన్మించెను. సారాభాయి అనునది ఆయన తాతగారి స్వంతపేరు. కుమారుడు అంబాలాల్ కాలమునుండి అదే ఇంటిపేరుగా స్థిరపడినది.

స్వంతపేర్ల విషయము వేరు. తీర్థంకరుల పేర్లను పిల్లలకు పెట్టుట ఆదినుండి యున్న ఆచారము. శ్వేతాంబర గ్రంథములలో ఆ పేర్లకు చక్కని కారణములు చెప్పబడినవి. తల్లి గర్భమున నుండగా దేశములోని అంటువ్యాధి శాంతించినందున శాంతినాథుడు. చీకటిలో తన పార్శ్వమున నల్లని పామును తల్లి చూచినందున పార్శ్వనాథుడు. పుట్టుకకు ముందునుండియే ఇంట సర్వసంపదలు వృద్ధిపొందినందున వర్ధమానుడు. ఇద్దరు సవతులు ఒక బిడ్డకై తగవులాడగా ఆ తగవును తెలివిగా తీర్చిన రాణి కుమారుడు సుమతినాథుడు. తెలుగునాట సుమతి ఆడపిల్ల పేరు. జైనశాస్త్రమున అయిదవ తీర్థంకరుని పేరు. దిగంబర సంప్రదాయమున ఇంద్రుడే ఈ నామకరణములు చేసెనందురు. వీర, అతివీర, సన్మతి, మహావీర, వర్ధమాన అని కడపటి తీర్థంకరునికి అయిదు పేర్లు వారిలో ప్రసిద్ధము.

కన్నడ దేశమున పార్శ్వ అను పేరు పారిస అని మారి శాసనములలో సైతము కనబడును. శ్రవణబెళగొళ యాత్రకు పోవువారు తెలిసికొనదగిన విషయ మొకటి కలదు. ఆ మహావిగ్రహమును పదవ శతాబ్దమున నిలిపిన చాముండరాయనికి గొమ్మట అని మరియొక పేరు. నేమిచంద్రాచార్యుడు ఆయన కొరకు వ్రాసిన గ్రంథము గొమ్మటసారము. గొమ్మటుని స్వామి గనుక బాహుబలి గొమ్మటేశ్వరుడయ్యెనని విద్వాంసులు తెల్పిరి. సాధారణముగా దేవుని పేరు భక్తునకు వచ్చును. ఇచ్చట భక్తుని పేరు దేవునకు వచ్చినది. కోమటి అను మాటకూడ గొమ్మటనుండియే వచ్చినదని కొందరు వ్రాయుదురు. చెవికి ఇంపుగానే యున్నది గాని ధ్వని కలిసినంతమాత్రమున చుట్టరికము కలియదు.

బిడ్డలు పురిటిలోనే పోవుచున్న ఇంట చెడ్డ పేరు పెట్టు ఆచారము మార్వాడునను కలదు, తెలుగునాటను కలదు. బిడ్డను నేలమీద ఈడ్చి తీసికొన్నందున ఘీసూలాల్. చెత్తకుప్పమీద పరుండబెట్టి మరల ఎత్తుకొన్నందున కచ్రూలాల్. దేవుని అడిగి తెచ్చుకొన్నందున మాంగీలాల్. తెలుగువారి పెంటయ్యయు పుల్లయ్యయు సరిగా ఇట్టివారే. ఒకడు పెంటకుప్పమీద, వేరొకడు ఎంగిలి పుల్లాకులమీద దొర్లింపబడినవాడు. ఘీసూలాల్ సేటుగారును, పెంటయ్యగారును ఒకరి ముఖ మొకరు ఎరుగని తల్లుల ఒకే భయమునుండి పేర్లు పొందినవారు. మనుమలు ఈ పేర్లకు సిగ్గుపడి తాతగారి పేరును పొట్టి అక్షరములలో దాచుచున్నారు. దాచవలసిన పని లేదు. అంతకుముందు ఎందరు బిడ్డలు పోయిరో, ఆ తల్లి ఎంత ఏడ్చినదో ఆ పేరు చెప్పుచున్నది.

బనారసీదాసునకు మొదట పెట్టిన పేరు విక్రమాజీతు. నెలల బిడ్డగా నుండగా తల్లిదండ్రులు కాశీలోని పార్శ్వనాథాలయమునకు తీసికొనిపోయిరి. అక్కడి పూజారి కన్నులు మూసికొని, యక్షుడు తనకు కనబడి స్వామి పుట్టిన ఊరి పేరు పెట్టినచో బిడ్డ చిరంజీవి యగునని చెప్పెననెను. ఖరగ్‌సేన్ నమ్మి బనారసీదాసని మార్చెను. కొడుకు పెద్దవాడై ఈ కథ చెప్పునపుడు పూజారిది మాయయేనని చాటుగా నవ్వెను. కాని ఆ పేరుతోనే బ్రతికెను, ఆ పేరుతోనే నిలిచెను. శ్రీమద్ రాజచంద్రకును చిన్ననాట పెట్టిన పేరు లక్ష్మీనందనుడు. నాలుగేండ్ల ప్రాయమున రాయ్‌చంద్ అని మార్చిరి. దానికే సంస్కృతరూపము రాజచంద్ర.

తెలుగు నేలమీద పేరును పూర్తిగా చెక్కించినవాడు జినవల్లభుడు. ఈయన కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. కరీంనగర్ ప్రాంతమున కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టమీద, పదవ శతాబ్ది నడుమ, జినబింబములను చక్రేశ్వరీదేవిని మలిపించి క్రింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వేయించెను. అందలి తెలుగు కందపద్యములు మిక్కిలి ప్రాచీనములు. తండ్రి భీమపయ్య బ్రాహ్మణ కుటుంబమున పుట్టి జైనధర్మమును స్వీకరించినవాడు. కుమారునికి జినునకు ప్రియుడను అర్థమున జినవల్లభుడను పేరు వచ్చినది. అయినను ఆ శాసనమున వేంగిదేశపు వంగిపఱ్ఱును, శ్రీవత్స గోత్రమును, తల్లిదండ్రుల పేర్లును అన్నియు కలవు. మతము మారినదని గోత్రమును చెరిపివేయలేదు.

ఒరిస్సాలోని సరాకుల కథ ఇంకను ఆశ్చర్యకరము. శ్రావక శబ్దమే సరాక్ అయినది. ఉత్తరదేశమున సరావగీ అయినదియు ఇదే. ఒరిస్సా, బెంగాలు, జార్ఖండములలో నున్న ఈ సరాకులు పెక్కు తరములుగా జైన సాధువుల సంపర్కము లేక పూజాపద్ధతులు మరచిరి. మాంసము ముట్టని నియమమును, ఆదిదేవ, ఋషభదేవ, అనంతదేవ, ధర్మదేవ అను గోత్రనామములను మాత్రము విడువలేదు. తీర్థంకరులను మరచిన ఇండ్లలో తీర్థంకరుల పేర్లే గోత్రములుగా నిలిచినందున వారి పూర్వమతము తెలియవచ్చినది.

ఇప్పటి స్థితి దీనికి తలక్రిందులుగా నున్నది. మతము జ్ఞాపకమున్నది, గోత్రము జారిపోవుచున్నది. పిల్లవానిని బడిలో చేర్చునపుడు పేరు చివర జైన్ అని వ్రాయించి ఊరుకొనుట ఎక్కువైనది. దానికి కారణము లేకపోలేదు. 2011 జనాభా లెక్కలలో జైనులు దేశమంతటను 44 లక్షల 51 వేల పైచిలుకు మాత్రమే. సంఖ్య తగ్గి కనబడకుండ అందరును జైన్ అని వ్రాయవలెనని సంఘపెద్దలు కోరుచుందురు. కాని జనాభా లెక్కలలో మతమునకు వేరుగా ప్రశ్న కలదు. అక్కడ జైనము అని చెప్పినచో చాలును. 2014లో లభించిన అల్పసంఖ్యాక గుర్తింపును మతమునుబట్టి వచ్చినదే గాని ఇంటిపేరునుబట్టి వచ్చినది కాదు. జైన్ అని వ్రాయదలచినవారు కొఠారీ జైన్ అనియో, బైద్ జైన్ అనియో వ్రాసినచో రెండును దక్కును.

ప్రాంతములనుబట్టి పేరు వ్రాయు పద్ధతి మారుటవలన వేరొక చిక్కు కలదు. తెలుగువారికి పొట్టి అక్షరము ఇంటిపేరునకు గుర్తు, అదియు ముందు వచ్చును. తమిళులకు అది తండ్రి పేరునకు గుర్తు. మాణిక్‌చంద్ కుమారుడు హీరాచంద్ కొఠారీ అనుకొందము. విజయవాడ కాగితములలో కె. హీరాచంద్ అగును, మద్రాసులో ఎం. హీరాచంద్ అగును, షోలాపురమున హీరాచంద్ మాణిక్‌చంద్ కొఠారీ, కుమారుని బడి పుస్తకములో హీరాచంద్ జైన్. నలుగురును ఒక్కడేయని దుకాణము చుట్టుప్రక్కలవారికి తెలియును, బ్యాంకులో తెలియదు. అన్నదమ్ములు వేరు వేరు ఊళ్ల స్థిరపడి, తండ్రి పోయిన పిమ్మట ఉమ్మడి ఆస్తి పంచుకొనునపుడు ఈ నాలుగు పేర్లకు ప్రమాణపత్రము లిచ్చుచు నెలల తరబడి తిరుగుట కలదు. ఒక ఇంటివారందరును ఒకే వరుసలో, ఒకే వర్ణక్రమముతో పేరు వ్రాసికొన్నచో ఈ తిరుగుడు తప్పును.

వివాహ విషయమున నష్టము ఇంకను పెద్దది. ఓస్వాలు మొదలైన జ్ఞాతులలో నాలుగు గోత్రములు తప్పించుట పూర్వాచారము: తనది, తల్లి పుట్టింటిది, తండ్రి తల్లి పుట్టింటిది, తల్లి తల్లి పుట్టింటిది. రెండు వైపులవారును జైన్ అని మాత్రమే వ్రాసికొన్నపుడు మాటలన్నియు అయి తాంబూలములకు సిద్ధమైన తరువాత ఏ ముసలి అత్తగారో "అయ్యో, వారును మనవారే" అని గుర్తుపట్టవలసి వచ్చును. పూర్వము భాటులు, గుజరాతున వహీవంచాలు అను వంశావళి చదువువారు పుస్తకములతో ఇంటింటికి వచ్చి పుట్టినవారి పేర్లు చేర్చుకొని పోవుచుండిరి. దక్షిణమునకు దూరముగా వచ్చిన ఇండ్లను చేరుట వారికి కష్టమైనది.

ఆ నాలుగింటిలో మొదటిది దుకాణపు పలకమీద నుండవచ్చును. రెండవది మేనమామలను అడిగిన తెలియును. మూడవది పాత శుభలేఖలలో దొరకవచ్చును. నాలుగవది, అమ్మమ్మ పుట్టింటి గోత్రము, మగవారి కాగితములలో ఎక్కడను ఉండదు. పెండ్లియైన స్త్రీ అత్తవారి గోత్రములోనికి వచ్చుటచే ఆమె వెంట వచ్చిన పేరు ఆమె నోటనే నిలిచి యుండును. ఎనుబదేండ్ల అమ్మమ్మగారిని ఈ పర్యూషణములో దర్శించువారు క్షమాపణలు చెప్పిన తరువాత అయిదు నిమిషములు కూర్చుండి, ఆమె పుట్టిల్లు ఏది, ఆమె తండ్రిని ఏమని పిలిచెడివారు, ఆ ఊరు ఏది అని అడిగి, చోప్డా పుస్తకము చివరి పుటలోనైనను తేదీతో వ్రాసికొనవచ్చును.